అతుకుకి కూడా బిల్లు పెట్టండి సార్

తూర్పు కనుమల్లో రోడ్లు వేయిస్తున్న ఇంజినీర్లకు, ఆ పనులు పట్టిన కాంట్రాక్టర్లకు, పని కొలతలు రాసే ఎం-బుక్ మీద సంతకం పెట్టే ముందు సైటుకి వచ్చి చూసే క్వాలిటీ కంట్రోల్ వారికి,

నమస్కారం.

జియోసెల్ పరిచే చిన్న చిన్న సబ్ కాంట్రాక్ట్ బృందాలతో సైట్లమ్మట తిరగడం నా పని. డ్రాయింగ్ పట్టుకుని కూలీల పక్కన నిలబడతాను, సాయంత్రానికి ఎన్ని చదరపు మీటర్లు అయిందో లెక్క రాస్తాను, అంతకు మించి హోదా ఏమీ లేదు. ఏ ఒక్క ఆఫీసు మీదో, ఏ ఒక్క కంపెనీ మీదో ఫిర్యాదు చేయడానికి ఇది రాయడం లేదు కాబట్టి ఎక్కడా ఎవరి పేరూ పెట్టలేదు. నా గోల అంతా ఒకే విషయం మీద. కొండవాలు మీద వేయడానికి జియోసెల్ ప్యానెళ్ళు కొంటున్నారు, పరిపిస్తున్నారు, మట్టి నింపిస్తున్నారు, గడ్డి విత్తనాలు చల్లిస్తున్నారు, వీటన్నిటికీ డబ్బులిస్తున్నారు, కానీ ఒక ప్యానెల్‌ని దాని పక్క ప్యానెల్‌తో కలిపే అతుకుకి మాత్రం ఎవరూ పైసా ఇవ్వరు, ఎవరూ వంగి చూడరు, మట్టి పోశాక చూద్దామన్నా కనపడదు.

మీకు జియోసెల్ గురించి నేను చెప్పక్కర్లేదు గానీ ఈ ఉత్తరం మామూలు జనం కూడా చదువుతారు, వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. సుమారు మిల్లీమీటరున్నర మందం ఉండే నల్లటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పట్టీలని పక్కపక్కన పెట్టి, కొలిచిన దూరాల్లో అల్ట్రాసోనిక్ వెల్డింగ్ చేసి, మడత పెట్టి కట్టలుగా పంపుతారు. సైట్లో ఇద్దరు ఇటు, ఇద్దరు అటు పట్టుకుని లాగితే తేనెపట్టులా గదులు గదులుగా విచ్చుకుంటుంది, అదే ఒక ప్యానెల్. గది లోతు 75 మి.మీ. నుంచి 200 మి.మీ. వరకు దొరుకుతుంది, వాలు మీద పనికి ఎక్కువగా 100, 150 వాడతారు. ఆ గదుల్లో మట్టి పోసి గడ్డి పెంచితే వాన నీళ్ళు వాలు మీద పరుగెత్తి మట్టిని కోసుకుపోవు, పై పొర జారదు. 1970ల చివర్లో అమెరికా సైన్యపు ఇంజినీర్లు ఇసుక నేల మీద బండ్లు నడవడానికని మొదలుపెట్టిన సంగతి ఇది. మనవాళ్ళకి కొత్తేమీ కాదు. జమ్మూ కాశ్మీర్‌లోని చీనాబ్ రైలు వంతెన పుణ్యమా అని దేశమంతా పేరు తెలిసిన ప్రకాశం జిల్లా ఆడపడుచు ప్రొఫెసర్ మాధవీలత గారు 2000లో మద్రాస్ ఐఐటీలో పీహెచ్‌డీ చేసింది ఈ జియోసెల్ మీద కట్టిన మట్టి కట్టల గురించే. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా 2020లో ఐఎస్ 17483 అని దీనికి ప్రమాణం ఇచ్చింది, అందులో రెండో భాగం అచ్చంగా వాలు కోతకి సంబంధించినదే.

అంటే వస్తువుకి లోటు లేదు, చదువుకి లోటు లేదు, ప్రమాణానికీ లోటు లేదు. ప్యానెల్ లోడు దిగగానే మీరు టెస్ట్ సర్టిఫికెట్ అడుగుతారు, పట్టీ మందం గేజి పెట్టి చూస్తారు, వెల్డింగ్ ఎంత లాగితే ఊడుతుందో ల్యాబ్ రిపోర్ట్ తెప్పిస్తారు. బాగుంది. మరి ఫ్యాక్టరీలో యంత్రం వేసిన వెల్డింగ్ మీద అంత అనుమానం ఉన్నవాళ్ళు, మిట్టమధ్యాహ్నం ఎండలో వాలు మీద ఒంటి కాలిమీద నిలబడి పద్దెనిమిదేళ్ళ కుర్రాడు వేసిన అతుకుని ఒక్కసారైనా లాగి చూడొద్దా?

కారణం నాకు తెలిసినంతలో చాలా మామూలుది. టెండర్‌లో ఐటమ్ ఇలా ఉంటుంది: ఫలానా లోతు జియోసెల్ సరఫరా చేసి, విప్పి, పరిచి, ప్యానెల్‌ని నేలకి పట్టి ఉంచే చువ్వలు దిగ్గొట్టి, నింపి, అన్నీ కలుపుకుని చదరపు మీటరుకి ఇంత. ఆ "అన్నీ కలుపుకుని" అనే మాటలోనే అతుకు మునిగిపోయింది. పెద్ద కాంట్రాక్టర్ ఆ రేటులో కొంత కోసుకుని సబ్ కాంట్రాక్టర్‌కి ఇస్తాడు, ఆయన ఇంకొంత కోసి మేస్త్రీకి ఇస్తాడు, మేస్త్రీ కుర్రాళ్ళకి చదరపు మీటరు లెక్కనే కూలి కడతాడు. ఇప్పుడు మీరే చెప్పండి, రోజుకి ఎంత పరిస్తే అంత కూలి అన్నప్పుడు వాడు పరుస్తాడా, కూర్చుని ఒక్కో అతుకూ బిగిస్తాడా? మూడు గదులకో అతుకు వేసి ముందుకి పోతాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు, నేనైనా అదే చేస్తాను. పైగా మట్టి పోశాక అన్ని అతుకులూ వేసిన వాలూ, మూడింటికొకటి వేసిన వాలూ ఫోటోలో ఒకేలా ఉంటాయి.

అతుకు మీద ఎంత బరువు పడుతుందో ఒకసారి లెక్క వేద్దాం, పెద్ద లెక్కేం కాదు, మీ ఆఫీసులో కొత్తగా చేరిన ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కూడా కాగితం మీద రెండు నిమిషాల్లో చేసేస్తారు. 150 మి.మీ. లోతు గదుల్లో తడి మట్టి నింపితే చదరపు మీటరుకి సుమారు 280 కిలోలు. వాలు 1:1, అంటే 45 డిగ్రీలు అనుకుంటే అందులో 198 కిలోలు కిందికి లాగుతుంది. కింద నేల ఒరిపిడి కోణం 30 డిగ్రీలు అనుకుంటే ఒరిపిడి ఆపేది 114 కిలోలు. మిగిలిన 84 కిలోలు ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా? చువ్వలు, గదుల లోపలి నుంచి పోయే తాళ్ళు, ఆ తర్వాత పై ప్యానెల్‌కి ఉన్న అతుకు. అతుకు కింద పది మీటర్ల పొడవు వాలు ఉంటే, మీటరు వెడల్పుకి 840 కిలోలు. మీటరుకి నాలుగు గదులు వస్తాయనుకుంటే ఒక్కో అతుకు మీద 210 కిలోలు. కేటలాగుల్లో 150 మి.మీ. లోతు గదికి మామూలుగా కనిపించే వెల్డింగ్ బలం 2130 న్యూటన్లు, కిలోల్లో చెప్పాలంటే 217. అంటే చువ్వలూ తాళ్ళూ సరిగ్గా లేకపోతే ఫ్యాక్టరీ వెల్డింగే అంచు మీద ఉంటుంది. అలాంటి చోట మా కుర్రాళ్ళ చేతికి ఇస్తున్నది 4.8 మి.మీ. వెడల్పు ప్లాస్టిక్ టై, అదే, కేబుళ్ళు కట్టడానికి కరెంటు పనివాళ్ళు వాడేది. దాని బలం 22 కిలోలు. రెండు వేస్తే 44. అదీ కొత్తదిగా ఉన్నప్పుడు.

అదే వాలు ఒకటిన్నరకి ఒకటిగా, అంటే 34 డిగ్రీల లోపుకి కోస్తే 84 కాస్తా 21 కిలోలకి దిగుతుంది. నాలుగోవంతు! భూసేకరణ గొడవో, అటవీ అనుమతుల గొడవో, కొండని నిట్టనిలువుగా కోసేసి, ఆ తర్వాత దాన్ని ప్లాస్టిక్‌తో నిలబెట్టమంటే భారం మొత్తం ఈ అతుకుల మీద పడుతుంది. ఇవన్నీ వాన పడనప్పటి లెక్కలు. తుపాను వచ్చి నేల నీళ్ళు తాగితే ఒరిపిడి సగానికి సగం పోయినా ఆశ్చర్యం లేదు.

మన కొండల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. పాడేరు ఘాట్ అయినా, అనంతగిరి ఘాట్ అయినా చాలాచోట్ల ఖొండలైట్ రాయే. పైన గట్టిగా కనిపిస్తుంది, ఒక అడుగు కోస్తే లోపల ఎర్రగా మెత్తగా, చేత్తో నలిపితే పొడి అయ్యే మట్టి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక వాన, ఆపైన అక్టోబరు నవంబరుల్లో తుపాన్ల వాన. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఈ జాతీయ రహదారి లాంటివి వెడల్పు చేసినప్పుడు ఇలాంటి తాజా కోతలు బోలెడు మిగులుతాయి. వాటి మీద మొదటి వానాకాలమే పరీక్ష. గడ్డి వేళ్ళు ఇంకా పట్టవు, మట్టి ఇంకా సర్దుకోదు, ఆ నాలుగు నెలలూ బరువంతా చువ్వలూ తాళ్ళూ అతుకులే మోయాలి.

ఇక అతుకు వేసే పద్ధతులు. చాలా సైట్లలో చూస్తున్నది బైండింగ్ వైరు. కాంక్రీట్ పనిలో స్టీలు కట్టడానికి ఎలాగూ సైట్లో ఉంటుంది కదా అని దాంతోనే ప్యానెళ్ళు కూడా కుట్టేస్తారు. దయచేసి ఆపించండి. అది ఇనుప తీగ, తడి మట్టిలో తుప్పు పట్టి పోతుంది, పోయే లోపల సన్నగా ఉండటం వల్ల ప్లాస్టిక్ రంధ్రాన్ని కోసేస్తుంది. తెల్ల ప్లాస్టిక్ టైలు రెండో రకం దరిద్రం. ఎండకి పెళుసెక్కి చిటుక్కుమంటాయి. టైలే వాడాలంటే నల్లవి, ఎండకి తట్టుకునే రకం, కనీసం 7.6 మి.మీ. వెడల్పువి వాడాలి, దాని బలం 55 కిలోల దాకా ఉంటుంది, అప్పుడు కూడా ఒక్కో అతుకుకి ఎన్ని కావాలో పైన వేసిన లెక్క వేసి చెప్పాలి. గాలి ఒత్తిడితో కొట్టే స్టేప్లర్ చదునైన నేల మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది, వాలు మీదకి కంప్రెసర్ గొట్టం లాక్కెళ్ళడమే ఒక యుద్ధం. పైగా పిన్నులు జింకు పూత ఉన్నవి కావాలి, గది లోతు పొడుగునా వరుసగా పడాలి. పైన ఒకటి, కింద ఒకటి కొట్టి వదిలేస్తే లాగినప్పుడు ఒక మూల నుంచి ఒలుచుకుని వచ్చేస్తుంది. నాకు వాలు మీద నచ్చింది మాత్రం ప్లాస్టిక్ కీ. రెండు గోడల్లోని గాట్లు ఎదురెదురు వచ్చేలా పెట్టి, దూర్చి, 90 డిగ్రీలు తిప్పితే బిగిసిపోతుంది. కరెంటు అక్కర్లేదు, గొట్టం అక్కర్లేదు, ఒక చేత్తో తాడు పట్టుకుని ఇంకో చేత్తో వేయొచ్చు. వేశారో లేదో దూరం నుంచే కనపడుతుంది కూడా. ఖర్చు ఎక్కువే, కాదనను.

అన్ని అతుకులూ ఒకటి కాదు, ఇది కూడా డ్రాయింగుల్లో రావడం లేదు. పై ప్యానెల్ చివరి గోడా, కింది ప్యానెల్ మొదటి గోడా వీపులు ఆనించి కలిపేది ఒక రకం. కింది ప్యానెల్ బరువు దీని మీదే వేలాడుతుంది, ఇక్కడ ఒక్క గది కూడా వదలకూడదు. పక్కపక్క ప్యానెళ్ళ అంచులు ఒకదానిలోకి ఒకటి దూర్చి కలిపేది ఇంకో రకం. దీని మీద లాగుడు తక్కువే గానీ నీళ్ళకి ఇదే దారి. ఇక్కడ రెండు వేళ్ళు పట్టే సందు వదిలితే పై నుంచి కింద దాకా నిట్టనిలువుగా ఒక కాలువ రెడీ అయినట్టే, మొదటి పెద్ద వానకి మట్టి ఆ సందులోంచే తోడుకుపోతుంది. రెండు రకాల్లోనూ గోడల పై అంచులు సమంగా ఉండాలి. ఒకటి పైకి లేచి ఉంటే నీళ్ళు అక్కడ కొట్టుకుని కిందికి తవ్వుతాయి. వేలితో నిమిరితే తెలిసిపోతుంది, దానికి లెవెల్ మిషను అక్కర్లేదు.

గదులు కలవకపోవడం ఇంకో పెద్ద తలనొప్పి. ఒక ప్యానెల్ గట్టిగా లాగి, పక్కది వదులుగా పరిస్తే గాట్లు ఎదురెదురు రావు, అప్పుడు కుర్రాళ్ళు అందినచోట ఒక టై వేసి మిగతావి వదిలేస్తారు. దీనికి మందు సులువు, ప్యానెల్‌కి ఎంత పొడవు, ఎంత వెడల్పు రావాలో ముందే లెక్కగట్టి, నాలుగు మూలలా తాత్కాలిక చువ్వలు పాతి, వాటికి తగిలించాకే అతుకులు మొదలుపెట్టాలి. అసలు కలవని కేసు కూడా ఒకటుంది. సరుకు తక్కువ పడిందని మధ్యలో వేరే కంపెనీది తెస్తారు, ఇది 356 మి.మీ. వెల్డింగ్ దూరం, అది 330. పేరుకి రెండూ జియోసెల్లే, లోతు కూడా ఒకటే, బిల్లు కూడా పాస్ అయిపోతుంది, కానీ పది గదులు దాటేసరికి అరచెయ్యి పట్టేంత తేడా వస్తుంది, ఇక ఏ అతుకూ పడదు. ఒక వాలు మీద ఒకే రకం అని ఆర్డర్‌లో రాయండి చాలు.

ఎండ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. హెచ్‌డీపీఈ వేడికి బాగా సాగుతుంది. 30 డిగ్రీల తేడాకి పది మీటర్ల పట్టీ మూడు నుంచి ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం నల్ల ప్లాస్టిక్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఆ వేడిలో బిగించి లాగి అతుకులు వేసి, మట్టి పోయకుండా వదిలి వెళితే, తెల్లవారుజామున అది ముడుచుకుని అతుకుల్ని పీకుతుంది. పొద్దున వచ్చి చూస్తే సగం టైలు తెగి కింద పడి ఉంటాయి, కోతులు పీకాయని మేస్త్రీ చెప్తాడు. (కోతులు కూడా పీకుతాయి, అది వేరే కథ.) అందుకే ఎంత మట్టి ఆ రోజు నింపగలరో అంతే పరిచి అతకాలి. నింపడం కూడా పై నుంచి కిందికి, బకెట్‌ని మీటరు ఎత్తు మించి లేపకుండా. జేసీబీ డ్రైవర్‌కి తొందరెక్కువ, ఆయన రెండు మీటర్ల పైనుంచి ఒక్కసారి కుమ్మరిస్తే ఇందాక వేసిన అతుకులన్నీ మన కళ్ళ ముందే చిరిగిపోతాయి.

జియోసెల్ మీద మరీ ఆశలు పెట్టుకోవద్దని కూడా ఇక్కడే అనాలి, లేకపోతే అతుకులు బాగుంటే కొండే ఆగిపోతుందని ఎవరైనా అనుకుంటారు. ఇది పై పొర పని. లోపల మూడు నాలుగు మీటర్ల లోతున జారే కొండచరియని ఇది ఆపలేదు, దానికి కొండ లోపలికి పొడవాటి ఇనుప చువ్వలు దించే సాయిల్ నెయిలింగో, రిటైనింగ్ గోడో, అన్నిటికంటే ముందు నీళ్ళు బయటికి పోయే దారో కావాలి. 2021 డిసెంబరులో తిరుమల ఘాట్ రోడ్డు మీద బండరాళ్ళు పడ్డాయే, అలాంటి చోట ప్లాస్టిక్ గదులు ఎందుకూ పనికిరావు. 2024 ఆగస్టు చివర్లో విజయవాడ మొగల్రాజపురంలో చరియ విరిగి ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాక, కొండ కనపడిన ప్రతిచోటా ఏదో ఒకటి పరిచేయాలన్న హడావిడి సహజమే. ఆ హడావిడిలో జియాలజిస్టుని అడగకుండా ఆకుపచ్చగా కనిపించే వస్తువు వేసి ఫోటో తీయించుకుంటే, డబ్బూ పోతుంది, జియోసెల్‌కి చెడ్డపేరూ వస్తుంది.

ఇప్పుడు నేను అడిగేది. స్లాబ్ వేసేటప్పుడు మనం ఏం చేస్తాం? స్టీలు చెకింగ్ కాకుండా కాంక్రీట్ పోయనివ్వం. ఎంత పెద్ద కాంట్రాక్టర్ అయినా, మిక్సర్ తిరుగుతున్నా, ఏఈ వచ్చి చువ్వలు లెక్కపెట్టి, కవర్ బ్లాకులు చూసి, సరే అంటేనే పోత. ఎందుకంటే పోశాక కనపడదు. అతుకు కూడా అంతే. అతుకుల చెకింగ్ కాకుండా మట్టి పోయకూడదని ఒక్క నియమం పెట్టండి. చెకింగ్‌కి ల్యాబ్ అక్కర్లేదు. పాత సామాన్ల కొట్టులో దొరికే స్ప్రింగ్ కాటా కొక్కెం తగిలించి లాగితే చాలు. పై నుంచి కింది అతుకుల్లో ఇష్టమొచ్చినవి కొన్ని ఎంచుకుని, డిజైన్‌లో వచ్చిన బరువుకి లాగండి. ఒక్కటి ఊడినా ఆ వరుస మొత్తం మళ్ళీ వేయించండి. ఒక రోజు ఇలా చేయిస్తే చాలు, రెండో రోజు నుంచి మా మేస్త్రీలే కుర్రాళ్ళ మీద కేకలేస్తారు.

రెండో కోరిక డబ్బు గురించి. అతుకుని చదరపు మీటరు రేటులోంచి బయటికి తీసి వేరే ఐటమ్‌గా పెట్టండి, సంఖ్య లెక్కన. అప్పుడు సబ్ కాంట్రాక్టర్ అతుకు మిగిలిస్తే నష్టపోతాడు, వేస్తే లాభపడతాడు. కుర్రాడికి కూడా అతుకు లెక్కన కూలి వస్తుంది. ఇప్పుడు నడుస్తున్నది దీనికి పూర్తిగా తలకిందులు. అంచనా పెరుగుతుందంటారా? ఒకసారి కొట్టుకుపోయిన వాలుని మళ్ళీ కోసి, మళ్ళీ పరిచి, కింద రోడ్డు మీద మట్టి ఎత్తించడానికి పెట్టే ఖర్చుతో పోల్చి చూడండి. ఆ కుర్రాళ్ళ నడుముకి తాడూ హార్నెస్సూ కూడా అదే ఐటమ్‌లో రాయండి. కీ ఒక చేత్తో పడినా, రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే కదా ప్రతి అతుకూ గట్టిగా బిగిసేది, ఒక చెయ్యి ప్రాణాలు పట్టుకోవడానికే సరిపోతే ఇంకేం బిగిస్తాడు.

ఇప్పటికే నింపేసిన వాలుల సంగతి ఏమిటంటారా? మొదటి నాలుగు వానలు పడ్డాక పైకి ఎక్కి కాకుండా ఎదురుగా రోడ్డు అవతల నిలబడి చూడండి. అక్కడక్కడ గుంటలు పడితే అది మట్టి సర్దుబాటు, భయం లేదు, మళ్ళీ పోస్తే సరిపోతుంది. కానీ గుంటలు తిన్నగా గీత గీసినట్టు, ప్యానెల్ వెడల్పుకొకటి చొప్పున నిలువునా కనిపిస్తే పక్క అతుకులు పోయాయని అర్థం. అడ్డంగా ఒక మెట్టులా కనిపించి, మెట్టు పైన నల్ల అంచు బయటపడితే పైకీ కిందికీ ఉన్న అతుకు విడిపోతోంది, ఇది మాత్రం ఆగే వ్యవహారం కాదు, ఆ వారమే ఆ వరుస గదుల్లో మట్టి చేత్తో తీయించి, దగ్గరికి లాగించి, ప్లాస్టిక్ కీలు వేయించి, పైన ఇంకో వరుస చువ్వలు దిగ్గొట్టించండి. పలుగులు మాత్రం వాడనివ్వకండి, మిగిలిన గోడలు కూడా చిరుగుతాయి.

వచ్చే టెండర్లలో పెట్టడానికి ఒక వాక్యం రాసి పెడుతున్నాను, మీ భాషలోకి మార్చుకోండి, తప్పులుంటే దిద్దుకోండి: "జియోసెల్ ప్యానెళ్ళ అతుకులను సంఖ్య లెక్కన విడిగా కొలవాలి. పై నుంచి కిందికి కలిపే వరుసలో ప్రతి గదికీ అతుకు ఉండాలి, పక్క అంచుల్లో సందు ఉండకూడదు. అతుకు రకం, ఒక్కోటి మోయాల్సిన బరువు డ్రాయింగ్‌లో చూపాలి. ఇంజినీరు లాగి చూసి, ఫోటో తీసి, సంతకం చేసే వరకు గదులు నింపరాదు."

ఇట్లు,
సైట్లో మీరు ఎప్పుడైనా చూసే ఉంటారు, మట్టి పోసే ముందు జేసీబీని ఆపమని అరిచే మనిషి